అమ్మ గోలీ నేనే ఆపాను

అమ్మ నొప్పికి సరైన మందు రాసిన కాగితం నా చేతిలోనే ఉంది. మందు మెడికల్ షాపులో దొరికింది. వెల కూడా ఎక్కువ కాదు. అయినా అది అమ్మ నోట్లోకి వెళ్ళకుండా ఆపింది నేను. చదువురానివాణ్ణి కాదు. జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే మాస్టర్ని, పదో తరగతికి నాడీ వ్యవస్థ పాఠం ఏటా చెప్పేవాణ్ణి. అందుకే ఇది తెలియక జరిగిన తప్పు అని చెప్పుకోలేను. నాకు తెలుసు అనుకోవడం వల్ల జరిగింది. ఇలాంటి మందు చీటీ పట్టుకుని ఇంటికి వెళ్ళి, నాలాగే ఆగిపోయేవాళ్ళు చాలామంది ఉంటారని తెలిశాక ఇది రాయక తప్పదనిపించింది.

డెబ్బై దాటాక అమ్మకు సర్పి వచ్చింది. ఎడమవైపు వెన్ను దగ్గర మొదలై రొమ్ము కిందదాకా పొక్కులు లేచాయి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్ళ ఒంట్లోంచి ఆ వైరస్ పూర్తిగా పోదు. వెన్నుపాము పక్కనుండే నాడీ కణాల్లో దశాబ్దాలపాటు అణగి ఉంటుంది. వయసు మీదపడి రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు ఏదో ఒక నరం వెంట మళ్ళీ పైకి వస్తుంది. పొక్కులు ఒంటికి ఒక పక్కనే, ఆ నరం పరిధిలోనే లేవడానికి కారణం అదే. లేచిన 72 గంటల్లోపు వైరస్‌కు మందు మొదలుపెట్టడం మంచిది. మేము వేడి చేసిందనుకున్నాం. పసుపు రాశాం, వేపాకు కాచిన నీళ్ళు పోశాం. ఆ గడువు అట్లా దాటిపోయింది.

పొక్కులు మాడి మచ్చలయ్యాయి. నొప్పి మాత్రం ఉండిపోయింది. సర్పి తగ్గాక మూడు నెలలు దాటినా నొప్పి పోకపోతే వైద్యులు దాన్ని పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా అంటారు. వయసు పెరిగేకొద్దీ అలా మిగిలిపోయే ప్రమాదం కూడా పెరుగుతుంది. దెబ్బతిన్న నరం, పైన గాయం ఏమీ లేకపోయినా, నొప్పి సంకేతాలు పంపుతూనే ఉంటుంది. నొప్పి కలిగించకూడని స్పర్శ కూడా నొప్పిగా మారుతుంది. జాకెట్టు బట్ట తగిలితే అమ్మ పళ్ళు బిగబట్టేది. ఎండాకాలంలో ఫ్యాను ఆపమనేది. "మిరపకాయలు నూరి పూసినట్టున్నది బిడ్డా" అనేది. మనవరాలు ఒళ్ళో కూర్చోవడానికి వస్తే ముందు ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకునేది. రాత్రిళ్ళు గోడకు ఆనుకుని కూర్చునేది. పడుకుంటే పక్క గుడ్డ రాసుకుంటుందని భయం.

పట్నంలో నరాల డాక్టరుకు చూపించాం. ఆయన దూదితో ఆ చోట మెల్లగా రాసి చూశారు, అమ్మ ఉలిక్కిపడింది. తర్వాత చీటీ మీద అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు అని రాసి, రాత్రి పడుకునే ముందు ఒకటి వెయ్యమన్నారు. కొన్నాళ్ళకు మళ్ళీ వస్తే మోతాదు కొద్దికొద్దిగా పెంచుదామన్నారు. బయట చాలామంది వేచి ఉన్నారు. ఇది ఏం మందు అని నేను అడగలేదు.

ఇంటికి వచ్చి ఫోన్లో చూశాను. డిప్రెషన్‌కు వాడే మందు అని మొదటి వాక్యంలోనే ఉంది. అక్కడితో చదవడం ఆపేశాను. నాకు కోపం వచ్చింది. అంతకుముందే మా నాన్న పోయాడు. చుట్టాలు వచ్చినప్పుడల్లా, పొక్కులు మానినాక నొప్పేమిటి, మొగుడు పోయిన దిగులుతో అట్లా అంటున్నది అని గుసగుసలాడేవాళ్ళు. ఆ మాటలు నా చెవిన పడేవి. అమ్మ నొప్పి అబద్ధం కాదని నాకు తెలుసు. రాత్రిళ్ళు చూసినవాణ్ణి నేను. ఇప్పుడు డాక్టరు కూడా వాళ్ళ పక్షాన చేరి, అమ్మది మనసు జబ్బు అని తేల్చేశాడనుకున్నాను. మా దిక్కున ఎవరినైనా తిట్టాలంటే ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి పంపాలి అంటారు. ఆ మాట వింటూ పెరిగిన నాకు, మనసు మందు అనగానే మా అమ్మ మీద ఎవరో మచ్చ వేసినట్టనిపించింది. నేను ఆమె తరఫున నిలబడుతున్నాననుకున్నాను.

"డాక్టరు రాసిన గోలీ ఏదిరా?" అని అమ్మ అడిగింది.

"అది నీకు పడదమ్మా. వేరేది తెచ్చిన" అన్నాను.

అది అబద్ధం. నా జీవితంలో నేను ఆడిన అబద్ధాల్లో దీన్నే ఎక్కువ తలుచుకుంటాను. నేను తెచ్చిన వేరేది డైక్లోఫెనాక్. చీటీ లేకుండానే షాపులో ఇచ్చారు. నొప్పి అంటే నొప్పి మాత్ర అన్నది నా లెక్క. ఆ మాత్ర ఎలా పనిచేస్తుందో పాఠం చెప్పేవాడిగా ఆలోచించి ఉండాల్సింది. దెబ్బ తగిలినచోట, వాచినచోట ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు తయారై నరం కొనలను రెచ్చగొడతాయి. డైక్లోఫెనాక్ లాంటివి ఆ తయారీని తగ్గిస్తాయి. అమ్మకు వాపు లేదు, పుండు లేదు. దెబ్బతిన్నది నరమే. అక్కడ ఆ మాత్రకు చేసే పనేమీ లేదు. కడుపులో మాత్రం ఉంది. ఆ ప్రోస్టాగ్లాండిన్లే జీర్ణాశయపు పొరను కాపాడతాయి, కిడ్నీలకు రక్తం సరిగా అందేలా చూస్తాయి. నెలల తరబడి వాటిని ఆపేస్తూ పోతే డెబ్బై దాటిన, బీపీ ఉన్న మనిషికి ఏమవుతుందో నేను ఆలోచించలేదు. నొప్పి తగ్గలేదంటే పూటకొకటి చొప్పున పెంచాను.

ఒకరోజు అమ్మ బాత్రూం నుంచి వచ్చి కళ్ళు తిరుగుతున్నాయంది. మలం నల్లగా వస్తోందని అప్పటికి కొన్నాళ్ళుగా నాతో చెప్పలేదు. మగపిల్లాడితో ఎట్లా చెప్పుకోవాలని సిగ్గుపడింది. ఆస్పత్రిలో ఎండోస్కోపీ చేస్తే జీర్ణాశయంలో పుండు, దాన్నుంచి రక్తస్రావం. రక్తం ఎక్కించారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉందన్నారు. రోజూ ఈ గోలీలు ఎవరిచ్చారని డ్యూటీలో ఉన్న లేడీ డాక్టరు అడిగింది. నేనే అన్నాను. అమ్మ మంచం మీద కళ్ళు మూసుకుని ఉంది.

ఆ డాక్టరమ్మ ఫైలు తిరగేసి పాత చీటీ చూసింది. ఇది ఎందుకు వాడలేదని అడిగితే దాచకుండా చెప్పాను. ఆమె కోప్పడలేదు. "మీ అమ్మగారికి దిగులుందని రాసిన మందు కాదు సార్ ఇది. నొప్పి నరాల్లోంచి పైకి పోతుందని మీరు పిల్లలకు చెప్తారు కదా. పైనుంచి కిందికి వచ్చి దాన్ని తగ్గించే నరాలు కూడా ఉన్నాయి. ఈ మందు పనిచేసేది అక్కడ" అంది. ఆమె తిట్టి ఉన్నా నాకు అంతగా తగిలేది కాదు.

నేను పిల్లలకు చెప్పింది సగం పాఠమే. బల్ల మీద బెల్లు, గోడకు స్విచ్చి, మధ్యలో వైరు గీసి, వేలికి ముల్లు గుచ్చుకుంటే అభివాహి నాడి వెంట సంకేతం మెదడుకు చేరుతుంది, అప్పుడు నొప్పి తెలుస్తుంది అని చెప్పేవాణ్ణి. స్విచ్చి నొక్కితే బెల్లు మోగుతుంది, నొక్కకపోతే మోగదు. ఆ బొమ్మే నా బుర్రలో కూడా ఉండిపోయింది. ఒంటి మీద గాయం కనిపిస్తే నొప్పి నిజం, కనిపించకపోతే అది మనసులో పుట్టింది. ఈ రెండింటికీ మధ్య మూడో సంగతి ఉంటుందని నాకు తోచలేదు.

ఆ మూడో సంగతి ప్రపంచానికి తెలిసి చాలాకాలమైంది. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, వెన్నుపాములోకి వచ్చే నొప్పి సంకేతం అలాగే పైకి పోదని, అక్కడ దాన్ని ఎక్కువ తక్కువ చేసే ఏర్పాటు ఉందని, ఆ ఏర్పాటు మీద మెదడుకు కూడా అదుపు ఉందని ప్రతిపాదించారు. 1969లో డేవిడ్ రేనాల్డ్స్ ఎలుకల మధ్యమెదడులో ఒకచోట చిన్న విద్యుత్ ప్రేరణ ఇచ్చి, మత్తుమందు లేకుండానే వాటి పొట్టకు శస్త్రచికిత్స చేయగలిగాడు. మెదడు కాండం నుంచి వెన్నుపాములోకి దిగే నాడులు నార్‌ఎడ్రినలిన్, సెరటోనిన్ అనే రసాయనాలను విడుదల చేస్తాయి. నార్‌ఎడ్రినలిన్ అక్కడ నొప్పి సంకేతాన్ని అణచివేస్తుంది. విడుదలైన రసాయనాన్ని నాడీ కణం మళ్ళీ లోపలికి పీల్చుకుంటుంది. అమిట్రిప్టిలిన్ ఆ పీల్చుకోవడాన్ని అడ్డుకుంటుంది. అప్పుడు ఆ రసాయనం ఎక్కువసేపు అక్కడ నిలిచి, నొప్పిని తగ్గించే పని ఎక్కువగా చేస్తుంది. నరం మీది సోడియం మార్గాలను కూడా ఈ మందు కొంత మూస్తుంది. మనసుకు ఉత్సాహం తెచ్చి నొప్పిని మరిపించడం కాదు ఇది. వెన్నుపాములో జరిగే పని.

ఈ మందుకు డిప్రెషన్ మందు అనే పేరు ఎందుకు పడిందో కూడా చదివాను. ఈ జాతి మందుల్లో మొదటిది ఇమిప్రమిన్. స్విట్జర్లాండులో రోలాండ్ కున్ అనే మనోవైద్యుడు దిగులు జబ్బు మీద అది పనిచేస్తుందని 1957లో ప్రకటించాడు. 1960 నాటికే ఫ్రాన్సులో వైద్యులు దాన్ని నొప్పులకు వాడి చూశారు. అమిట్రిప్టిలిన్ అమెరికాలో 1961లో డిప్రెషన్‌కు అనుమతి పొందింది. ఏ పని ముందు కనిపెట్టారో ఆ పేరే పెట్టె మీద ఉండిపోయింది. గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వేసుకునేవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. అది జ్వరానికి, నొప్పులకు పుట్టిన మందు కదా, గుండెకెందుకని వాళ్ళను నేనెప్పుడూ అడగలేదు. బీపీకి వాడే ప్రొప్రనలోల్‌ను మైగ్రేన్ రాకుండా ఇస్తే ఎవరూ అనుమానించరు. అమ్మ మందు దగ్గర మాత్రమే నాకు పేరు అడ్డం వచ్చింది, ఆ పేరులో మనసు ఉంది కాబట్టి.

అమ్మకు వచ్చిన జబ్బు మీదే, ఈ మందుతోనే టొరంటోలో వాట్సన్ బృందం చేసిన పరిశోధన 1982లో వచ్చింది. సర్పి తర్వాత నొప్పి మిగిలిన 24 మందికి కొంతకాలం అమిట్రిప్టిలిన్, కొంతకాలం మందు లేని ఉత్త మాత్ర ఇచ్చారు. 16 మందికి అసలు మందుతో మంచి ఉపశమనం కలిగింది. వాళ్ళలో ఎక్కువమందికి దిగులు జబ్బు లేనేలేదు. నొప్పి తగ్గినప్పుడు దిగులు కొలతల్లో మార్పు రాలేదు. 1987లో మిచెల్ మాక్స్ బృందం షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్ళ మీద చేసిన పరిశోధనలో కూడా దిగులున్నవాళ్ళకూ లేనివాళ్ళకూ నొప్పి తగ్గింది. నేను ఫోన్లో మొదటి వాక్యం దగ్గర ఆగిపోయిన రోజుకు ఈ సంగతులు తేలి దశాబ్దాలైంది. సెరటోనిన్ ఒక్కదాని మీదే పనిచేసే కొత్త డిప్రెషన్ మందులు దిగులుకు బాగా పనికొచ్చినా నరాల నొప్పి మీద వాటి ప్రభావం తక్కువే. మనసు బాగుపడటం వల్లే నొప్పి తగ్గేదైతే అవి కూడా ఇంతే పనిచేసి ఉండేవి.

పుండు మానాక అమ్మకు ఆ గోలీ మొదలుపెట్టారు. ముందు ఈసీజీ తీశారు, ఎందుకంటే ఈ మందు గుండె లయను మార్చగలదు. కంట్లో నీటికాసులు ఉన్నాయా, మూత్రం ఆగి వస్తోందా అని అడిగారు. వయసు మళ్ళినవాళ్ళకు మత్తుగా ఉండి రాత్రి లేచినప్పుడు పడిపోయే ప్రమాదం ఉందని, మంచం పక్కన లైటు పెట్టమన్నారు. అన్నీ చేశాను. అయినా నా తొందర అప్పటికీ పోలేదు. తలనొప్పి మాత్రలాగా గంటలో ఫలితం కనిపించాలని చూశాను. వారం గడిచినా నొప్పి అలాగే ఉంది. నోరు ఎండిపోతోందంది, మలబద్ధకం అంది, పొద్దున లేచేసరికి మబ్బుగా ఉందంది. ఈ మందు పనిచేసేలోపు దాని ఇబ్బందులు ముందు కనిపిస్తాయని, నొప్పి మీద ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుందని డాక్టరమ్మ చెప్పినా నాకు నమ్మకం కుదరలేదు. "ఆపేద్దామా అమ్మా?" అన్నాను.

"నిద్ర పడుతున్నది బిడ్డా. గది చాలు. ఆపకు" అంది అమ్మ.

ఈసారి ఆమెను అడిగాను కాబట్టి మందు ఆగలేదు. మోతాదు 25కు పెంచారు. డిప్రెషన్‌కు వాడితే సాధారణంగా 75 నుంచి 150 దాకా ఇస్తారు, నొప్పికి అంత అక్కర్లేదు. నోరెండకుండా గుక్కెడు గుక్కెడు నీళ్ళు తాగడం, ఈసబ్‌గోల్ వేసుకోవడం అమ్మ అలవాటు చేసుకుంది. నెల దాటాక మార్పు తెలిసింది. నొప్పి మాయం కాలేదు. మెత్తటి పాత నూలు జాకెట్టు వేసుకోగలిగింది. ఎడమవైపు తిరగకుండానైనా మంచం మీద పడుకుని నిద్రపోగలిగింది. ఆమె అడిగింది అంతే. పూర్తిగా తగ్గలేదని నేను బాధపడుతుంటే ఆమె తృప్తిపడింది.

ఈ మందులు అందరికీ పనిచేయవు. నరాల నొప్పి మందులపై 2015లో వచ్చిన పెద్ద సమీక్ష లెక్క ప్రకారం, ఉత్త మాత్రతో పోలిస్తే ఒకరికి అదనంగా సగమైనా ఉపశమనం కలగాలంటే ఈ పాతరకం మందును 3.6 మందికి ఇవ్వాలి. అంటే సుమారు నలుగురిలో ఒకరికి. దులోక్సెటిన్ లాంటి మరోరకం డిప్రెషన్ మందులైతే 6.4 మందికి, ప్రీగాబాలిన్ అనే వేరే నరాల నొప్పి మందైతే 7.7 మందికి. 2023లో కొక్రేన్ సంస్థ 176 పరిశోధనలను కలిపి చూసి, అన్నిరకాల దీర్ఘకాలపు నొప్పులకూ కలిపి దులోక్సెటిన్‌కే గట్టి ఆధారాలున్నాయని, ఎక్కువ మోతాదు వాడినా అదనపు మేలు లేదని, ఈ మందులన్నిటికీ ఏళ్ళ తరబడి వాడకంపై నమ్మదగిన ఆధారం లేదని చెప్పింది. దులోక్సెటిన్‌కు అమెరికాలో 2004లో డిప్రెషన్‌కూ షుగర్ వల్ల వచ్చే నరాల నొప్పికీ ఒకే ఏడాది అనుమతి వచ్చింది. దాన్ని ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, ఒళ్ళు జల్లుమనడం ఉంటాయి. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. నొప్పికి ట్రామడాల్ వాడుతుంటే ముందే చెప్పాలి, రెండూ కలిస్తే సెరటోనిన్ మితిమీరే ప్రమాదం ఉంది. ఇవన్నీ డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాల్సినవి. వీటిలో ఏ ఒక్కటీ మెడికల్ షాపు కౌంటరు దగ్గర తేలదు.

ఇంకొక సంగతి ఒప్పుకోవడానికి నాకు ఎక్కువ కాలం పట్టింది. అమ్మకు దిగులు ఉంది. నాన్న పోయినప్పటి నుంచీ ఉంది. నొప్పితో నిద్రలేని రాత్రిళ్ళు దాన్ని పెంచాయి, దిగులు నొప్పిని ఇంకా భరించలేనిది చేసింది. చుట్టాల మీద కోపంతో, అమ్మ నొప్పి నిజమని నిరూపించడం కోసం, ఆమె దిగులును నేను కాదన్నాను. ఆమె ఏడిస్తే నొప్పికి ఏడుస్తోందనే అనుకున్నాను, అలాగే అందరికీ చెప్పాను. ఆమెకు రెండూ ఉన్నాయి. ఒకటి ఉండటం వల్ల రెండోది అబద్ధం కాదు. నిజంగా దిగులు జబ్బుకే ఆ మందు రాసి ఉన్నా, అందులో సిగ్గుపడాల్సింది ఏముంది? షుగర్‌కు మందు వేసుకున్నట్టే దానికీ వేసుకోవాలి. నేను కాపాడింది అమ్మ పరువును కాదు, నా భయాన్ని. ఎర్రగడ్డ పేరు తిట్టుగా వాడే ఊళ్ళో పెరిగిన భయాన్ని.

ఇప్పుడు నాడీ వ్యవస్థ పాఠం చెప్పేటప్పుడు బొమ్మలో రెండో బాణం గీస్తాను, మెదడు నుంచి వెన్నుపాములోకి. పరీక్షలో అడగకపోయినా గీస్తాను. ఇంట్లో నానమ్మకు కాళ్ళ మంటలని, తాతకు సర్పి నొప్పని చెప్పే పిల్లలు ఉంటారు. నొప్పికి మనసు మందు రాశారని ఇంట్లో ఎవరైనా మానేస్తే, మానేముందు డాక్టరును ఎందుకు రాశారో అడగమని చెప్తాను. యాభై దాటినవాళ్ళకు సర్పి రాకుండా టీకా ఉందని, మన దేశంలోనూ 2023 నుంచి దొరుకుతోందని, దాని సంగతి డాక్టరును కనుక్కోమని కూడా చెప్తాను.

నా తప్పు శాస్త్రం తెలియకపోవడంతో ఆగలేదు. తెలియకపోతే అడిగి తెలుసుకోవచ్చు. నొప్పి పడుతున్న మనిషి ఇంట్లోనే ఉన్నా, డాక్టరు ఏం రాశాడో, నేను ఏం చదివానో, నాకు ఎందుకు భయమో ఆమెకు చెప్పకుండా, ఆమె తరఫున నేనొక్కణ్ణే నిర్ణయం తీసుకున్నాను. అమ్మ పెద్దగా చదువుకోలేదు. అయినా దిగులుకు వాడే మందే నొప్పికీ పనిచేస్తుందట, వేసి చూద్దామా అని అడిగి ఉంటే ఆ రాత్రే వేసుకునేది. ఇది తర్వాత ఆమే నాతో అంది. నొప్పి ఆమెది. ఒప్పుకోవాలా, వద్దా అని చెప్పే హక్కు కూడా ఆమెదే. ఇంట్లో పెద్దవాళ్ళకు మందులు తెచ్చిచ్చే కొడుకులకు, కూతుళ్ళకు నేను చెప్పగలిగింది ఇదే. చీటీ మీది పేరు చూసి భయమేస్తే ఆ భయాన్ని డాక్టరుకు చెప్పండి, ఆ మనిషికి చెప్పండి. వాళ్ళను అడగకుండా వాళ్ళ మందు ఆపకండి.